ప్రఖ్యాతిని నిర్మించే ప్రేక్షకులు: సైన్స్ ఫిక్షన్, అతిమానుష టెలివిజన్ ధారావాహికలపై అభిమానుల చర్చ

కావ్యవస్తువు ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలన్న విభజన తెలుగు సాహిత్య విద్యార్థికి తొలి పాఠాలలోనే ఎదురవుతుంది. ఆ తర్వాత పరీక్ష పత్రాలలో తప్ప దానితో పెద్దగా పని పడదు. అయితే ఆ విభజన వెనుక ఉన్న ప్రశ్న ఇంకా తీరలేదు. లోకంలో జరగడానికి వీలులేని సంఘటనను కవి చెప్పినప్పుడు సామాజికుడు దానిని ఎందుకు అంగీకరించాలి? ధ్వన్యాలోకం తృతీయోద్యోతంలో ఆనందవర్ధనుడు ఈ ప్రశ్ననే ఎత్తుకున్నాడు. కేవల మానుషుడైన రాజు సప్తసముద్రాలు లంఘించినట్లు వర్ణిస్తే, ఆ వర్ణన ఎంత సొంపుగా ఉన్నా నీరసమే అవుతుందని ఆయన అభిప్రాయం. శాతవాహనాది రాజుల నాగలోక గమనం వినబడుతున్నది కదా అన్న ఆక్షేపణను కూడా ఆయనే ప్రస్తావించి సమాధానం చెప్పాడు. అభినవగుప్తుడు దీనిని మరింత లోతుకు తీసుకుపోయి, రసవిఘ్నాలు ఏడింటిలో మొదటిదానిగా సంభావనావిరహాన్ని పేర్కొన్నాడు. ‘ఇది జరగగలదు’ అన్న భావన కలగకపోతే తక్కిన వ్యాపారమేదీ మొదలే కాదు. అలౌకిక చేష్టితాల విషయంలో దీనికి విరుగుడు ప్రసిద్ధి. రాముడు సముద్రాన్ని దాటడాన్ని నమ్మించవలసిన భారం కవి మీద లేదు; తరతరాల ప్రసిద్ధి ఆ నమ్మకాన్ని ముందే నాటి ఉంచింది.

ఈ సూత్రాన్ని సైన్స్ ఫిక్షన్, అతిమానుష ధారావాహికలకు అన్వయిస్తే ఒక చిక్కు వస్తుంది. వాటి వస్తువు పూర్తిగా ఉత్పాద్యం, సంఘటనలు పూర్తిగా అలౌకికం. ఆనందవర్ధనుని లెక్కలో ఇది నిలబడకూడని కలయిక. అయినా బ్రిటన్‌లో బి.బి.సి. 1963 నవంబరు 23న ప్రారంభించిన ‘డాక్టర్ హూ’ అరవై ఏళ్లు దాటినా జీవించే ఉంది. టెలిఫోన్ పెట్టె ఆకారంలోని కాలనౌక, మరణానికి బదులు కొత్త శరీరం ధరించే నాయకుడు, లోహపు కవచాలలో శత్రువులు: వీటిలో ఒక్కదానికీ ముందు ప్రసిద్ధి లేదు. ఆ ప్రసిద్ధి తర్వాత వచ్చింది. దానిని కూర్చినవారిలో రచయితలు కొందరే; ఎక్కువమంది ఆ ధారావాహికను గురించి ఏళ్ల తరబడి మాట్లాడుకున్న ప్రేక్షకులు. అభిమానుల చర్చ చేసే ప్రధానమైన పని ఉత్పాద్య వస్తువుకు ప్రఖ్యాతిని సమకూర్చడమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ఆ పని ఎలా జరుగుతుంది, దాని మీద అధికారం ఎవరిది, సంప్రదాయ రససిద్ధాంతం దానిని ఎంతవరకు వివరించగలదు అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

ముందుగా ‘అభిమాని’ అన్న మాటను గురించి కొంత చెప్పుకోవాలి. తెలుగులో ఈ మాట వినగానే థియేటరు ముందు కటౌటు, పాలాభిషేకం, సంఘం పేరుతో బ్యానరు గుర్తుకు వస్తాయి. ఆ అభిమానాన్ని ఎస్.వి. శ్రీనివాస్ వంటి పరిశోధకులు చిరంజీవి అభిమాన సంఘాల ఆధారంగా విస్తృతంగా అధ్యయనం చేశారు. అక్కడ కేంద్రం నటుడు. కథ మారుతుంది, పాత్ర మారుతుంది, నటుడు మారడు. ‘డాక్టర్ హూ’ విషయం దీనికి సరిగ్గా తలకిందులు. 1966లో విలియం హార్ట్నెల్ స్థానంలో ప్యాట్రిక్ ట్రౌటన్ వచ్చినప్పటి నుంచి నటులు మారుతూనే ఉన్నారు, మారనిది కథాప్రపంచం. అందువల్ల ఇక్కడి అభిమానిని వీరారాధకునిగా కాక పాఠకునిగా, మరింత కచ్చితంగా చెప్పాలంటే వ్యాఖ్యాతగా చూడవలసి ఉంటుంది.

పాఠం

వ్యాఖ్యానానికి ముందు పాఠం ఉండాలి. ‘డాక్టర్ హూ’ అభిమానులకు మొదట ఎదురైనది పాఠమే లేని స్థితి. 1960ల చివరి నుంచి 1970లలో చాలాకాలం వరకు బి.బి.సి. తన పాత కార్యక్రమాల టేపులను తుడిచి మళ్లీ వాడుకున్నది. ఫిల్మ్ ప్రతులను పారవేసింది. పునఃప్రసారానికి అవకాశం తక్కువ, టేపు ఖరీదు ఎక్కువ, ఇళ్లలో వీడియో లేని కాలం. ఫలితంగా 1960ల నాటి తొంభైకి పైగా భాగాలు నేటికీ లభించడం లేదు. అయినా వాటిలో ప్రతి ఒక్కదాని శబ్దం మాత్రం మిగిలి ఉంది. టెలివిజన్ పెట్టె ముందు టేపు రికార్డరు పెట్టుకొని, ఇంట్లోవారిని మాట్లాడవద్దని బతిమాలుకుని సంభాషణలను పట్టుకున్న కొద్దిమంది బాలురు, యువకుల పుణ్యం అది. తాళపత్రం చెదలు తినకముందే దానికి ప్రతి రాసి ఉంచిన లేఖకుని పనికీ దీనికీ స్వభావంలో భేదం లేదు. సి.పి. బ్రౌన్ పండితుల చేత ప్రతులు సేకరింపజేసి, పాఠాలు పోల్చి చూపించిన సంగతి తెలిసినవారికి, ఒకే భాగానికి సంబంధించిన అనేక ఇంటి రికార్డింగులను పోల్చి శుద్ధపాఠం తయారుచేసే పద్ధతిలో కొత్తదనం కనిపించదు.

అయితే పాఠలోపం విలువనిర్ణయం మీద చూపిన ప్రభావం తెలుగు పరిశోధకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించగలది. 1967లో ప్రసారమైన ‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ అనే కథ ఒక్క భాగమూ మిగలకుండా పోయింది. దానిని చిన్నతనంలో చూసినవారి జ్ఞాపకం, దాని నవలారూపం, కొన్ని నిశ్చలచిత్రాలు, ఇవే ఆధారాలు. ఆ ఆధారాల మీద ఇరవై ఏళ్లకు పైగా అది ధారావాహికలో శిఖరప్రాయమైన కథలలో ఒకటిగా పేరు పొందింది. తీరా హాంకాంగ్‌లో దాని నాలుగు భాగాలూ దొరికి 1992లో వీడియోగా విడుదలయ్యాక చర్చ మలుపు తిరిగింది. సమాధుల నుంచి సైబర్‌మెన్ మేల్కొనే దృశ్యం జ్ఞాపకంలో ఉన్నంత భయానకంగానే ఉంది. కాని మాటలు దాదాపు లేని నల్లజాతి సేవకుని పాత్రను తీర్చిన తీరు, స్పష్టంగా కనిపించే తీగలు, కొందరు పాత్రధారుల కృత్రిమోచ్చారణ జ్ఞాపకంలో లేవు. అలాగే తన కుటుంబాన్ని కోల్పోయిన విక్టోరియాతో డాక్టర్ రాత్రివేళ మెల్లగా మాట్లాడే చిన్న సన్నివేశం ఎంత ఆర్ద్రమైనదో కొత్తగా ఎందరికో తెలిసింది.

దీనికి విపర్యయం ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’. ఆరు భాగాల ఈ కథలో చాలాకాలం మూడవ భాగం ఒక్కటే మిగిలి ఉండేది. రాక్షసులు లేరు, మాటలు ఎక్కువ, గదులు దాటని సన్నివేశాలు: ఆ ఒక్క భాగాన్ని బట్టి కథంతా నీరసమని నిర్ణయమైపోయింది. 2013లో నైజీరియాలో తక్కిన భాగాలు దొరికాయి. ట్రౌటన్ నాయకుడుగానూ నియంతగానూ ద్విపాత్రాభినయం చేసిన ఆ కథలోని వేగం, మలుపులు చూసి అభిమానులు తమ నిర్ణయాన్ని తిరగరాసుకున్నారు. ఉదాహృత పద్యాల ఆధారంగా మాత్రమే తెలిసిన కావ్యాలకు సాహిత్య చరిత్రలలో మనం కట్టిన విలువలు ఏ మేరకు నిలుస్తాయన్న శంక ఇక్కడ కలగక మానదు. శివుడు ఎదురుగా వస్తేనే గాని మన స్తోత్రం సరైనదో కాదో తెలియదు. అభిమానులకు రెండుసార్లు శివుడు ఎదురుగా వచ్చాడు.

కాలనిర్ణయం, ఏకవాక్యత

పాఠం కుదిరిన తర్వాత సమన్వయం. ఇందులో అత్యంత ప్రసిద్ధమైనది ‘యూనిట్’ అనే సైనిక విభాగపు కథలు ఏ సంవత్సరాలలో జరిగాయన్న వివాదం. అవి ప్రసారమైనది 1960ల చివర, 1970లలో. నిర్మాతల ఉద్దేశం ప్రకారం కథాకాలం కొద్ది సంవత్సరాల భవిష్యత్తు. 1975లో వచ్చిన ‘పిరమిడ్స్ ఆఫ్ మార్స్’లో సారా అనే పాత్ర తాను 1980కి చెందినదాన్నని చెబుతుంది. కాని 1983 నాటి ‘మాడ్రిన్ అన్‌డెడ్’ ప్రకారం, ఆ విభాగానికి అధిపతి అయిన బ్రిగేడియర్ 1977 నాటికే పదవి విడిచి ఒక బడిలో లెక్కలు చెబుతున్నాడు. రెండూ నిజం కాలేవు. ఈ ఒక్క వైరుధ్యం మీద అభిమాన పత్రికలు దశాబ్దాల పాటు వ్యాసాలు ప్రకటించాయి. సంభాషణలోని సంఖ్యలు, గోడమీది క్యాలెండర్లు, కార్ల నంబరు పలకలు, పత్రికా శీర్షికలు అన్నీ సాక్ష్యాలయ్యాయి. పాల్కురికి సోమనాథుడు మొదటి ప్రతాపరుద్రుని కాలం వాడా, రెండవ ప్రతాపరుద్రుని కాలం వాడా అని మన పండితులు అంతఃసాక్ష్య బహిఃసాక్ష్యాలతో సాగించిన వాదాన్ని చదివినవారికి ఈ వ్యాసాల ధోరణి ఏమాత్రం పరాయిగా తోచదు. ఒక భేదం ఉంది. సోమనాథుడు ఒక నిర్దిష్ట కాలంలో జీవించాడు. ఆ కాలం మనకు తెలియకపోవచ్చు, ఉండడం మాత్రం ఉంది. బ్రిగేడియర్ ఎప్పుడూ జీవించలేదు. లేని మనిషి ఉద్యోగ విరమణ సంవత్సరానికి ఇంత శ్రమ ఎందుకు?

సంభావనావిరహం అన్న భావన ఇక్కడే అక్కరకు వస్తుంది. వైరుధ్యం బయటపడ్డ ప్రతిసారీ ఆ ప్రపంచం కల్పితమన్న సంగతి ప్రేక్షకునికి గుర్తుకు వస్తుంది, నమ్మకం సడలుతుంది. దానిని సమన్వయించడం అంటే మీమాంసకుడు భిన్న వాక్యాలకు ఏకవాక్యతను సాధించడం వంటిదే. సమన్వయం ఫలించిందా లేదా అన్నది రెండవ విషయం. ఇంతమంది ఇంత కాలం దానిని చర్చించడం వల్లనే ఆ ప్రపంచానికి చరిత్రకుండే సాంద్రత వచ్చింది. చర్చించిన కొద్దీ కల్పన ప్రఖ్యాతమయింది. 2008 నాటి ఒక భాగంలో డాక్టరే తాను యూనిట్‌లో పనిచేసింది డెబ్బైలలోనో ఎనభైలలోనో అని తడబడతాడు. అభిమానుల వివాదం పాఠంలోకి ప్రవేశించిన క్షణం అది. వివాదాన్ని తీర్చకుండానే రచయిత దానిని గౌరవించాడు. మన సాహిత్యంలో కళాపూర్ణోదయం వంటి స్వకపోలకల్పిత ప్రబంధానికి ఇటువంటి సామూహిక లెక్కచూపు లభించి ఉంటే, పింగళి సూరన అల్లిన ఆ కథాకాలాల చిక్కుముడి పండితులకే కాక సామాన్య శ్రోతలకు కూడా పురాణమంత పరిచితమై ఉండేదేమో!

ప్రమాణం ఎవరు?

ప్రఖ్యాతిని నిర్మించినవారికి దానిమీద హక్కు ఉంటుందా అన్నది తరువాతి ప్రశ్న. 1976 ఇందుకు మంచి సాక్ష్యం. ఆ ఏడాది ఆరంభంలో ప్రసారమైన ‘ది బ్రెయిన్ ఆఫ్ మోర్బియస్’లో ఒక మానసిక ద్వంద్వయుద్ధ సన్నివేశం ఉంది. అందులో డాక్టర్ పూర్వరూపాలు వరుసగా తెరమీద కనిపించి, హార్ట్నెల్ రూపం తర్వాత కూడా ఆగకుండా మరో ఎనిమిది అపరిచిత ముఖాలు వస్తాయి. అవి అంతకు ముందటి డాక్టర్లవే అన్నది నిర్మాతల ఉద్దేశం. అదే ఏడాది చివర వచ్చిన ‘ది డెడ్లీ అసాసిన్’ ఆ జాతికి పన్నెండు రూపపరివర్తనలే సాధ్యమన్నది. రెండింటికీ పొసగదు. అభిమానులు సంఖ్యను నిలుపుకొని ముఖాలను పక్కన పెట్టారు. అవి ప్రత్యర్థివని కొందరు, భ్రమలని కొందరు సరిపెట్టారు.

ఇందులోని వింత ఏమంటే, ‘ది డెడ్లీ అసాసిన్’ను కూడా అభిమానులు మొదట తిరస్కరించారు. అంతకు ముందు దేవతాప్రాయులుగా కనిపించిన కాలాధిపతులను ఆ కథ ముసలి ఉద్యోగస్వాముల గుంపుగా చూపింది. ఆ ఏడే ఏర్పడిన అభిమాన సంఘపు అధ్యక్షుడే, పాత కథలతో వైరుధ్యాలు ఎత్తిచూపుతూ, ధారావాహిక తన మహిమను పోగొట్టుకున్నదని తీవ్రంగా విమర్శించాడు. కాలక్రమంలో అదే కథ ఉత్తమ కథలలో ఒకటైంది. అపచారంగా మొదలైన కథలోని ఒక్క సంభాషణ నుంచి పుట్టిన పన్నెండు అన్న సంఖ్య అనుల్లంఘ్య నియమమైంది. ఎంతగా అంటే, 2013 క్రిస్మస్ నాటి కథలో రచయిత ఆ నియమాన్ని కాదనలేక, నాయకునికి కొత్త ఆయుర్దాయాన్ని ఇప్పించి గట్టెక్కవలసి వచ్చింది. ప్రామాణ్యం రచయిత ఇచ్చేది కాదని, అది సంప్రదాయం చేత క్రమంగా సంక్రమిస్తుందని ఇంతకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకదు.

జాన్ టులాక్, హెన్రీ జెంకిన్స్ 1995లో కలిసి రాసిన గ్రంథంలో ఈ అభిమానులను ‘అధికారం లేని శిష్టవర్గం’ అన్న భావంతో వర్ణించడం జరిగింది. పాఠం గురించి అందరికంటె ఎక్కువ తెలిసినవారు, పాఠాన్ని మార్చే శక్తి మాత్రం లేనివారు అని దాని సారం. ఆనాటికి అది సరైన మాటే. కాని 1986లో బి.బి.సి. కార్యక్రమంలో కూర్చుని ధారావాహిక రచయితలను ముఖాముఖి తప్పుపట్టిన పదహారేళ్ల అభిమాని క్రిస్ చిబ్నల్, 2018లో అదే ధారావాహికకు సారథి అయ్యాడు. 2005లో దానిని పునరుద్ధరించిన రస్సెల్ టి. డేవిస్ కూడా అభిమానిగా పెరిగినవాడే. 2020 మార్చిలో చిబ్నల్ రాసిన కథ నాయకునికి లెక్కకు అందని పూర్వజన్మలను కల్పించి, మోర్బియస్ ముఖాలకు నలభైనాలుగేళ్ల తర్వాత పాఠంలోనే స్థానం ఇచ్చింది. పక్కన పెట్టిన పాఠాంతరాన్ని మూలంలోకి తెచ్చిన పరిష్కర్త పని ఇది. ఇక చర్చ రెండు పక్షాలుగా చీలింది. ‘ఇది ప్రక్షిప్తం’ అన్నవారికి ఉన్న ఇబ్బంది ఏమంటే, ప్రక్షేపించినవాడే ఇప్పుడు కర్త. శిష్టవర్గానికి అధికారం వచ్చింది. అయితే అది వచ్చింది వర్గానికి కాదు, అందులోని ఒకరిద్దరికి. చర్చావేదికలలో సమాన హోదా ఉన్న వ్యాఖ్యాతలలో ఒకరు కర్త కావడంతో తక్కినవారి వాక్కుకు విలువ పెరిగిందా, తగ్గిందా అన్నది టులాక్ వర్గీకరణకు అందని ప్రశ్న.

జెంకిన్స్ 1992 నాటి తన గ్రంథంలో మిషెల్ ద సెర్టో నుంచి తీసుకుని ప్రచారంలోకి తెచ్చిన రూపకం మరింత ప్రసిద్ధం: అభిమానులు పరాయి భూమిలో దొంగవేటకు వచ్చేవారు. ఈ రూపకం తెలుగులోకి తెచ్చుకునే ముందు ఆలోచించవలసినది ఉంది. దొంగవేట అనాలంటే ముందు భూస్వామి ఉండాలి. వెల్చేరు నారాయణరావు 1991లో వెలువడిన వ్యాసంలో పరిశీలించిన తెలుగు స్త్రీల రామాయణపు పాటలలో ఊర్మిళ నిద్రను, సీత వేవిళ్లను పాడుకున్న స్త్రీలు ఎవరి భూమిలోనూ దొంగతనంగా అడుగుపెట్టలేదు. రామకథ వారిది కూడా. అలాగని అభిమానుల రచనలను ఆ పాటలతో సమానం చేసి ‘ఆధునిక జానపదం’ అనేయడమూ తొందరపాటే. ఇక్కడ భూస్వామి నిజంగానే ఉన్నాడు, దస్తావేజుతో సహా. తుడిచివేయబడిన భాగాలకు అభిమానులు ఇంట్లో పట్టుకున్న శబ్దాలే ఆధారంగా బి.బి.సి. తర్వాతి కాలంలో క్యాసెట్లు, సీడీలు విడుదల చేసి అమ్మింది. తాను పారవేసినదాన్ని దాచిపెట్టినవారి చేతుల నుంచి తీసుకుని తన సొత్తుగా విక్రయించింది. దొంగవేటలో వేటగాడు భూస్వామి వంటింటికి మాంసం చేరవేయడు.

మూడవ విఘ్నం

ఇంతవరకు సంప్రదాయ పరిభాష అక్కరకు వచ్చింది. అది తడబడే చోటు కూడా ఉంది. అభినవగుప్తుడు చెప్పిన మూడవ రసవిఘ్నం నిజసుఖాదివివశీభావం: సామాజికుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడైతే రసాస్వాదానికి దూరమవుతాడు. అభిమానుల ఆవేదనను కొట్టివేయదలచినవారు, సిద్ధాంతం పేరు ఎత్తకపోయినా, దాదాపు ఈ మాటే అంటారు.

‘బఫీ ది వాంపైర్ స్లేయర్’ అనే అమెరికన్ ధారావాహికలో విల్లో, తారా అనే ఇద్దరు మంత్రవిద్యాభ్యాసకురాళ్ల ప్రేమ రెండేళ్లకు పైగా సాగింది. 2002 మే 7న ప్రసారమైన భాగంలో, ఎడబాటు తర్వాత వారు కలుసుకున్న కాసేపటికే, మరొకరి కోసం పేల్చిన తూటా కిటికీలోంచి వచ్చి తారా ప్రాణం తీసింది. అంతవరకు అతిథి నటిగా ఉన్న ఆంబర్ బెన్సన్ పేరు ఆరంభ నామావళిలో మొదటిసారి కనిపించింది ఆ భాగంలోనే. అభిమానులలో పెద్ద కలకలం రేగింది. పాత్ర చనిపోతే ఏడవడం బాల్యచాపల్యమని, కథకు విషాదం అవసరమని సమాధానాలు వచ్చాయి.

కాని ఆ నిరసనలను జాగ్రత్తగా చూస్తే వాటి మూలం కేవలం దుఃఖం కాదని తెలుస్తుంది. స్త్రీని ప్రేమించిన స్త్రీ కథలో మరణించడం, లేదా ఆమె ప్రియురాలు ఉన్మాదంలో పడడం, అంతకుముందు ఎన్నో నవలలలో, చిత్రాలలో మళ్లీ మళ్లీ వచ్చిందని వారు ఉదాహరణలతో చూపారు. ఈ కథలో రెండూ జరిగాయి. అంటే వారు గుర్తించినది ఒక కవిసమయాన్ని. చకోరం వెన్నెల తాగుతుందన్నది ఎంత సహజంగా రూఢమయిందో, ఈ మరణం కూడా అంత సహజంగా రూఢమై, రచయితకు తెలియకుండానే అతని కలంలోకి వచ్చి కూర్చుందన్నది వారి ఆరోపణ. కవిసమయాలను గుర్తించి వర్గీకరించడం రాజశేఖరుని కాలం నుంచి విమర్శకుని పనే. ఆ పనిని ఏడుస్తూ చేసినంత మాత్రాన అది విమర్శ కాకుండా పోదు.

2016 మార్చి 3న ‘ది హండ్రెడ్’ అనే సైన్స్ ఫిక్షన్ ధారావాహికలో లెక్సా అనే నాయకురాలు ప్రియురాలితో గడిపిన కొద్ది నిమిషాలకే, ఆ ప్రియురాలికి గురిపెట్టిన తూటా తగిలి మరణించింది. పద్నాలుగేళ్ల నాటి తూటా తిరిగి వచ్చినట్లు అభిమానులు వెంటనే పోల్చుకున్నారు. రెండు ధారావాహికలకూ రచయితలు వేరు, సంస్థలు వేరు. పోలికను నిలుపుకున్న జ్ఞాపకం మాత్రం ప్రేక్షకులదే. ఈసారి వారు వాదంతో ఆగలేదు. ఆత్మహత్యల నివారణకు పనిచేసే ట్రెవర్ ప్రాజెక్టుకు లక్ష డాలర్లకు పైగా విరాళాలు సేకరించారు. ఇటువంటి పాత్రల చిత్రణలో పాటించవలసిన నియమాలతో ఒక ప్రతిజ్ఞాపత్రం వెలువడగా కొందరు టెలివిజన్ రచయితలు సంతకం చేశారు. అందులోని నియమాలు రచయిత స్వేచ్ఛకు సంకెళ్లన్న ఆక్షేపణ కూడా వచ్చింది. అది తోసివేయదగినది కాదు. ఏ పాత్ర చావకూడదో ముందే నిర్ణయిస్తే, ఒక కవిసమయం స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంటుంది.

ఆ నెలలోనే ధారావాహిక సారథి బహిరంగంగా విచారం ప్రకటించాడు. ఆ సన్నివేశం వెనుక అంత పొడవైన వరుస ఉన్నదన్న సంగతిని తాను తగినంతగా గ్రహించలేదన్నది ఆ ప్రకటన సారాంశం. నటి మరో ధారావాహికకు వెళ్లవలసి రావడం వల్ల లెక్సా మరణం అనివార్యమైందన్న వివరణ కూడా అప్పుడే వచ్చింది.  అభిమానుల ప్రశ్న ఆమె ఎందుకు చనిపోయిందన్నది కాదు, ఆ తూటాయే ఎందుకు అన్నది.